బియ్యం డబ్బా, రబ్బరు ముక్క, మిట్టమధ్యాహ్నం ఎండ: కెమెరాకి చేసే ఇంటి వైద్యాలపై అపోహలు - వాస్తవాలు

చెన్నై రిచీ స్ట్రీట్ పక్క సందులో కెమెరాలు, లెన్సులు బాగుచేయడం నా పని. నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు నుంచి పెళ్లి ఫొటోగ్రాఫర్లు పొద్దున్నే రైలెక్కి వస్తారు, ఇక్కడే ఉండే తెలుగువాళ్లు శనివారం సాయంత్రాలు వస్తారు. ఎవరొచ్చినా నేను మొదట అడిగేది ఒకటే, పాడయ్యాక దాన్ని ఏం చేశారు అని. ఎందుకంటే చాలాసార్లు అసలు కంప్లయింటు చిన్నది, ఏదో సెట్టింగు మారి ఉంటుంది లేదా కాస్త మురికి పట్టి ఉంటుంది, పక్క స్టూడియో అన్న చెప్పాడనో వీడియోలో చూశామనో దానికి చేసిన వైద్యంతోనే బిల్లు పెరుగుతుంది. రిపేరువాడికి గిరాకీయే కదా అంటారేమో, ఉప్పునీటికి కుళ్లిన బోర్డు ముందు గంటలు గంటలు కూర్చోవడం ఎవరికీ సరదా కాదు.

"నీళ్లలో పడితే బియ్యంలో పెట్టాలి"

వద్దు. బియ్యం తేమని పీల్చేది చాలా కొంచెం, అదీ చుట్టూ ఉన్న గాలిలోంచి. సర్క్యూట్ బోర్డు కింద ఇరుక్కున్న నీటి చుక్కని బయటికి లాగడం వాటి వల్ల కాదు. పైగా ఆ బియ్యం పిండి మైకు రంధ్రాల్లోకీ బటన్ల సందుల్లోకీ దూరి తడితో కలిసి జిగురవుతుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం టైము. మీరు "రెండు రోజులు ఆరనిద్దాం" అనుకున్న ఆ రెండు రోజుల్లోనే లోపల తుప్పు మొదలైపోతుంది. మెరీనాలోనో బెసెంట్ నగర్‌లోనో అల కొట్టిందంటే ఇంకా ఘోరం, నీరు ఆరినా ఉప్పు లోపలే ఉండిపోతుంది, అది మళ్లీ గాలిలోని తేమని పట్టుకుని రాగి ట్రాకుల్ని తింటూనే ఉంటుంది.

చేయాల్సింది ఇంతే. వెంటనే బ్యాటరీ లాగేయండి. "ఒక్కసారి ఆన్ చేసి చూద్దాం" అన్న ఆ ఒక్కసారికే షార్టయి పోయిన బాడీలు (లెన్సు కాక మిగిలిన కెమెరా) ఎన్నో. కార్డు, లెన్సు తీసేసి పొడిగుడ్డతో ఒత్తి, లెన్సు బిగించే నోరు కిందికి ఉండేలా పెట్టి, హెయిర్ డ్రయ్యర్ జోలికి పోకుండా, ఉప్పునీరైతే అదే రోజు తీసుకురండి. 2015 డిసెంబరు వరదల తర్వాత గానీ 2023 మిచౌంగ్ తుపాను తర్వాత గానీ బల్ల మీదికి వచ్చినవాటిలో బతికి బట్టకట్టినవి ఎక్కువగా బ్యాటరీ ముందే తీసినవే.

ఇంకో మాట, "వెదర్ సీల్డ్" అంటే నీళ్లలో ముంచొచ్చని అర్థం కాదు. చినుకులు, దుమ్ము లోపలికి పోకుండా అతుకుల దగ్గర రబ్బరు పట్టీలు పెట్టారని అంతే. ఖరీదైన బాడీకి, మౌంటు (లెన్సు బిగించే చోటు) దగ్గర రబ్బరు రింగు లేని కిట్ లెన్సు బిగిస్తే ఆ మాత్రం రక్షణ కూడా ఉండదు.

"ఫంగస్ ఒక లెన్సు నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది, ఎండలో పెడితే పోతుంది"

ఫంగస్ బీజాలు గాలిలో అంతటా ఉంటాయి, ఇప్పుడు మీ లెన్సు మీద కూడా ఉన్నాయి. అవి మొలకెత్తాలంటే తేమ కావాలి. గాలిలో తేమ 60-65 శాతం దాటి రోజుల తరబడి నిలిచి, లెన్సు చీకట్లో గాలాడని సంచిలో ఉంటే చాలు. చెన్నైలో ఆ తేమ ఏడాదిలో చాలా రోజులు ఊరికే దొరుకుతుంది. ఒకే బీరువాలో ఉన్న రెండు లెన్సులకీ ఫంగస్ వచ్చిందంటే రెండూ ఒకే తేమలో మగ్గాయన్నమాట. అంటువ్యాధి అనుకుని పాత లెన్సుని పారేసి కొత్తదాన్ని అదే సంచిలో పెట్టేవాళ్లని చూస్తుంటాను, ఏం లాభం?

ఎండ సంగతి. అందులో ఫంగస్ కొంత చస్తే చావొచ్చు, కానీ చచ్చినది కూడా గాజుకే అతుక్కుని ఉంటుంది, అది వదిలిన ఆమ్లం కోటింగ్‌ని తినేసిన మచ్చ అలాగే ఉంటుంది. ఈలోపు వేడికి లోపలి గ్రీజు పలచబడి అపర్చర్ రేకుల (లెన్సులోకి వచ్చే వెలుగుని తగ్గించే, పెంచే రేకుల) మీదికి పాకితే అది ఇంకో రిపేరు. పైగా లెన్సు కూడా భూతద్దమే, కిటికీలో మూత తీసి పెడితే వెనకున్న కర్టెను కాలినా కాలుతుంది. సాలెగూడులాంటి పోగులు కనపడగానే తెచ్చేస్తే చాలావరకు తుడిస్తే పోతుంది. నెలలు ఆగితే మచ్చ శాశ్వతం.

డ్రై క్యాబినెట్ కొనగలిగితే 40-50 శాతం దగ్గర పెట్టుకోండి. కొనలేకపోతే రబ్బరు సీలున్న ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు, ఇవి చాలు, పని అదే. మరీ 30 కిందికి దించకండి, రబ్బరు పట్టీలకి మంచిది కాదు. సిలికా జెల్ రంగు మారిందంటే దాని పని అయిపోయినట్టే, వేడిచేసి మళ్లీ ఆరబెట్టాలి, ఏడాది క్రితం వేసిన పొట్లం డబ్బాలో ఉండీ లేనట్టే. నీలం నుంచి గులాబీకి మారేవాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, దయచేసి వంట బాణలిలో వేయించకండి, నారింజ రంగువి కొనుక్కోండి. లెదర్ కేసు మాత్రం ఫొటో తీసి ఇన్‌స్టాలో పెట్టుకోవడానికి బాగుంటుంది, లెన్సు దాచడానికి కాదు, తోలు తేమని పట్టి ఉంచుతుంది.

ఏసీ మండపం నుంచి ఊరేగింపు కోసం బయటికి పరిగెత్తగానే లెన్సంతా మంచు పట్టడం కూడా ఈ తేమ పనే. బయటికి వెళ్లేముందు కెమెరాని సంచిలో పెట్టి జిప్పు మూసి, ఓ ఇరవై నిమిషాలు ముందే సంచిని బయట పెట్టించండి. మంచు పట్టినప్పుడు లెన్సు మార్చారంటే ఆ తేమని సెన్సార్ (ఫొటోని పట్టే చిప్) దగ్గరికి మీరే పిలిచినట్టు.

"ఫొటోల్లో నల్ల చుక్కలు వస్తున్నాయి, లెన్సు విప్పి క్లీన్ చేయన్నా"

లెన్సులో దుమ్ము ఫొటోలో చుక్కగా పడదు. ముందు గాజు మీద చిన్న గీత ఉన్నా మామూలు ఫొటోలో పట్టలేరు. ప్రతి ఫొటోలో అదే చోట చుక్క ఉంటే అది సెన్సార్ మీద ఉన్న దుమ్మే. అపర్చర్ బాగా తెరిచిన ఎఫ్/2.8లో మాయమై, సన్నగా మూసిన ఎఫ్/16లో స్పష్టంగా తేలుతుంది. ఎఫ్/16 పెట్టి, ఫోకస్ కలపకుండా తెల్లగోడనో ఆకాశాన్నో తీసి పెద్దది చేసి చూడండి, అనుమానం తీరిపోతుంది. దాన్ని నోటితో ఊదుతారు చూడండి, అక్కడే మొదలవుతుంది. దుమ్ము పోదు, ఉమ్మి తుంపర చేరుతుంది, అది ఎండి మరక కడుతుంది. డబ్బాలో వచ్చే ప్రెషర్ గాలి కూడా వద్దు, లోపలి ద్రవం చిమ్మి మరక పడుతుంది. రబ్బరు బ్లోయర్‌తో, కెమెరా నోరు కిందికి పెట్టి ఊదితే చాలావరకు రాలిపోతుంది. రాలకపోతే స్వాబ్ (తుడిచే పుల్ల), పెద్ద సెన్సారుండే ఫుల్ ఫ్రేమ్‌కి 24 మిల్లీమీటర్లది, చిన్న సెన్సారుండే ఏపీఎస్-సీకి 16ది. మీరు తుడిచేది నిజానికి సెన్సార్‌ని కాదు, దాని ముందున్న ఫిల్టర్ గాజుని, కాబట్టి మరీ వణకనక్కర్లేదు. అయితే ఆ గాజు మీద గీత పడితే ఖర్చు మాత్రం బాగానే ఉంటుంది.

"ఫ్లాష్ చచ్చిపోయింది"

ఈ మాటతో వచ్చేవాళ్లలో చాలామందిని పైసా తీసుకోకుండా పంపేస్తాను. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకి కొత్తగా మారినవాళ్లు ముహూర్తం సమయంలో శబ్దం రాకూడదని సైలెంట్ షటర్, అంటే ఎలక్ట్రానిక్ షటర్ ఆన్ చేస్తారు, తర్వాత మర్చిపోతారు. చాలా బాడీల్లో ఎలక్ట్రానిక్ షటర్‌లో ఫ్లాష్ వెలగదు, ఎందుకంటే సెన్సార్ పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కొక్కటిగా చదువుతుంది, ఫ్లాష్ మెరుపు కొన్ని వరసలకే అందుతుంది. అన్ని వరసల్నీ ఒకేసారి చదివే సెన్సార్‌తో సోనీ 2023లో ఏ9-3 అనే కెమెరాని ప్రకటించింది, దాని ధర వింటే సైలెంట్ షటర్ ఆఫ్ చేసుకోవడమే మేలనిపిస్తుంది.

వెలుగుతోంది కానీ ఫొటోలో ఒకవైపు నల్లపట్టీ వస్తోందంటే షటర్ స్పీడు 1/200 లేదా 1/250 దాటేశారు. హైస్పీడ్ సింక్ (ఎక్కువ స్పీడులోనూ ఫ్లాష్ పనిచేసే సెట్టింగు) ఆన్ చేయండి, లేదా స్పీడు తగ్గించండి. స్టూడియోలో ఎఫ్/8 పెట్టగానే డిస్‌ప్లే నల్లగా అయిపోయిందంటే అదీ కంప్లయింటు కాదు, గదిలో ఉన్న వెలుగుకి ఫొటో ఎలా వస్తుందో చూపిస్తోంది, దానికి మీ ఫ్లాష్ సంగతి తెలియదు. సోనీలో సెట్టింగ్ ఎఫెక్ట్, కెనాన్‌లో ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ ఆఫ్ చేయండి, సరిపోతుంది.

ఫ్లాష్ లేకుండానే ఫొటోల్లో, వీడియోలో అడ్డచారలు వస్తే సెన్సార్ పోయిందని టెన్షన్ పడకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద నడిచే చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. 1/50 లేదా 1/100 పెట్టి, మెకానికల్ షటర్ వాడి చూడండి. స్టేజీ వెనకాల ఎల్‌ఈడీ గోడలకి వేరే లెక్క, అక్కడ స్పీడుని కొంచెం కొంచెం మారుస్తూ చార ఎక్కడ పోతుందో పట్టుకోవాలి.

కానీ రిసెప్షన్‌లో లేజర్ లైట్లుంటే మాత్రం నిజంగా భయపడండి. కిరణం నేరుగా లెన్సులోకి దూరితే సెన్సార్ కాలుతుంది, ఆ తర్వాత ప్రతి ఫొటోలో ఒక రంగు గీతో చుక్కో శాశ్వతంగా ఉండిపోతుంది. సెన్సార్ మార్చడం తప్ప మందు లేదు. మిర్రర్‌లెస్‌లో సెన్సార్ ముందు అద్దం కూడా ఉండదు కాబట్టి డీజే లేజర్లు తిప్పుతున్నంతసేపూ లెన్సు అటు చూపకండి.

"కార్డు మీద 170 రాసుంది, అయినా 4కే రికార్డింగ్ ఆగిపోతోంది"

ఆ 170 (సెకనుకి మెగాబైట్లు) చదివే వేగం, అంటే కార్డులోంచి కంప్యూటర్‌కి ఎక్కించేటప్పుడు పనికొచ్చేది. రికార్డింగ్‌కి చూడాల్సింది "వి" పక్కనున్న చిన్న అంకె. వి30 అంటే సెకనుకి కనీసం 30 మెగాబైట్లు ఆగకుండా రాస్తుందని, వి60, వి90 కూడా అంతే. కెమెరా మెనూలో ఉండేది మెగాబిట్లు, ఎనిమిదితో భాగిస్తే మెగాబైట్లు. 100 మెగాబిట్ల 4కేకి 12.5 చాలు, వి30 హాయిగా లాగుతుంది. 400 పెట్టారంటే 50 కావాలి, అప్పుడు వి60. ఇంత చిన్న లెక్క తెలియక అంతా వి90లే కొనేవాళ్లూ ఉన్నారు, వి30 పెట్టి కెమెరాని తిట్టేవాళ్లూ ఉన్నారు.

నకిలీ కార్డుల గొడవ వేరు. లోపల 32 జీబీ, పైన స్టిక్కరు 256. కెమెరా కూడా 256 అనే చూపిస్తుంది, ముహూర్తం దాకా బాగానే ఉంటుంది, ఆ తర్వాతి ఫైళ్లు ఒక్కటీ తెరుచుకోవు. కొత్త కార్డు కొనగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో మొత్తం నింపించి చూడండి, అసలు సైజు బయటపడుతుంది.

"ఫార్మాట్ కొడితే అంతా పోయినట్టే" అనేది కూడా చాలావరకు అపోహే. మామూలు ఫార్మాట్‌లో చెరిగేది ఫైళ్ల చిట్టా, ఫొటోలు చాలాసార్లు అక్కడే ఉంటాయి. పొరపాటు తెలియగానే ఆ కార్డు మీద ఇంకొక్క ఫొటో కూడా తీయకండి, బయటికి తీసేసి ఫొటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాంతో లాగండి, దొరికినవాటిని వేరే డ్రైవులో సేవ్ చేయండి. చిట్టాతో పాటు లోపలిదంతా తుడిచేసే లో లెవెల్ ఫార్మాట్ కొట్టి ఉంటే మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

"కార్డ్ లాక్డ్" అని వస్తే పక్కనున్న ప్లాస్టిక్ జారుడు ముక్క చూడండి. దానికీ లోపలి చిప్‌కీ సంబంధం లేదు, అది ఏ వైపుందో కెమెరా స్లాటే కనిపెడుతుంది. వదులైపోయి లోపలికి తోసేటప్పుడు తనే జారుతుంది. టేపు అంటించి నెట్టుకొచ్చేవాళ్లున్నారు, ఆ టేపు ఊడి స్లాట్‌లో ఇరుక్కుంటే పిన్నులు వంగుతాయి, ఫొటోలు కాపీ చేసుకుని ఆ కార్డుకి సెలవిచ్చేయండి.

ఇక చిన్నాచితకావి.

బ్యాటరీ పూర్తిగా దిగేదాకా వాడి అప్పుడే చార్జ్ పెట్టాలన్నది పాత నికెల్-కాడ్మియం కాలం మాట, ఇప్పుడున్న లిథియం-అయాన్‌కి సగంలో పెట్టినా ఏమీ కాదు. నెలల పాటు పక్కన పెట్టేటప్పుడు సగం చార్జ్‌లో ఉంచండి, ఎండలో నిలిపిన కారులో వదలకండి. ఉబ్బి లోపల ఇరుక్కున్న బ్యాటరీని చాకుతో పెకలించొద్దు, చిల్లు పడితే మంట లేస్తుంది.

కెనాన్‌లో "ఎర్ 01" వస్తే లెన్సుకీ బాడీకీ మాట కలవట్లేదని అర్థం, ముందు బంగారు పూత ఉన్న ఆ కాంటాక్టుల్ని మెత్తటి గుడ్డకి కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి తుడవండి. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే పూత అరుగుతుంది, ఆ పొట్టంతా బాడీలో పడుతుంది. తుడిచినా పోకపోతే లోపలి అపర్చర్ కేబుల్ తెగి ఉండొచ్చు, అది ఇంట్లో అయ్యే పని కాదు.

వ్యూఫైండర్‌లో అంతా మసక, ఫొటో మాత్రం షార్ప్‌గా ఉందంటే కన్ను పెట్టే చోటు పక్కన, చూపుకి తగ్గట్టు సరిచేసుకునే చిన్న డయాప్టర్ చక్రం సంచిలో తిరిగిపోయింది. తిప్పుకోండి. నేలపట్టు, పులికాట్ వైపు పక్షుల కోసం వెళ్లేవాళ్లు ఉప్పునీటిలో దింపిన ట్రైపాడ్‌ని ఇంటికొచ్చి మంచినీళ్లతో కడగండి, లేకపోతే కాళ్లు బిగుసుకుపోతాయి.

"షటర్ కౌంట్ లక్షన్నర దాటితే బాడీ అవుట్"

షటర్ కౌంట్ అంటే షటర్ ఎన్నిసార్లు కొట్టుకుందన్న లెక్క. కెనాన్ 5డీ మార్క్ 4కి కంపెనీ చెప్పిన 1,50,000, నికాన్ డీ850కి చెప్పిన 2,00,000, ఇవి పరీక్షల్లో తట్టుకున్న లెక్కలు, ఎక్స్‌పైరీ తేదీలు కావు. ముందే పోయినవీ ఉన్నాయి, రెట్టింపు నడిచినవీ ఉన్నాయి. పోయినా షటర్ యూనిట్ ఒక్కటే మార్చొచ్చు. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు అమ్మేవాడు 20,000 అని చూపించగానే మురిసిపోయి మిగతాది చూడటం మానేస్తారు, వీడియోకే వాడిన బాడీకి షటర్ కౌంట్ ఎలాగూ తక్కువే ఉంటుంది. మౌంటు చుట్టూ స్క్రూల తలలు చెదిరి ఉన్నాయా, హెచ్‌డీఎంఐ పోర్టులో కేబుల్ పెట్టి కదిపితే సిగ్నల్ పోతోందా, బ్యాటరీ తలుపు లోపల పచ్చటి చిలుము ఉందా, ఎఫ్/16లో తీసిన తెల్లగోడ ఫొటోలో ఏముంది, మూత పెట్టి తీసిన నల్ల ఫొటోలో రంగు గీతలున్నాయా, ఇవి చూసి అప్పుడు బేరం మొదలుపెట్టండి.