ప్రొబేట్ ఫైళ్ళలో పూర్వీకుల వేట: కొన్ని అపోహలు, వాస్తవాలు

వంశవృక్షం తయారుచేసుకుందామని వచ్చేవాళ్ళు నన్ను మొదట అడిగేది ఒకటే, "మా ముత్తాతగారి వీలునామా దొరుకుతుందా అండీ?" అని. దొరకొచ్చు, దొరక్కపోవచ్చు, కానీ అసలు అడగాల్సింది అది కాదు. బ్రిటిష్ కాలంలో ఒక మనిషి పోయాక అతని ఆస్తి కోసం కోర్టులో పుట్టే కాగితాల్లో వీలునామా ఒకటి మాత్రమే, చుట్టాల పేర్లు మాత్రం చాలాసార్లు దానికంటే మిగతావాటిలోనే ఎక్కువ ఉంటాయి. ఈ పనిలో పదేపదే వినే అపోహలు కొన్ని కింద రాస్తున్నాను. ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న తెలుగు జిల్లాల సంగతి. నిజాం రాజ్యంలో ఈ చట్టాలు నడవలేదు కాబట్టి అటువైపు కుటుంబాల వెతుకులాట వేరే దారి, దాన్ని ఇందులో కలపను.

అపోహ: వీలునామాలు దొరలకీ జమీందార్లకీ తప్ప మామూలువాళ్ళకి ఉండవు.

సగం నిజం. 1726 రాజశాసనంతో మద్రాసులో మేయర్స్ కోర్టుకి ప్రొబేట్ (వీలునామా సరైనదేనని తేల్చి అమలుకి అనుమతిచ్చే ఉత్తర్వు) ఇచ్చే అధికారం వచ్చింది, తర్వాత అదే పని 1798లో రికార్డర్స్ కోర్టుకి, 1801లో సుప్రీం కోర్టుకి, 1862లో హైకోర్టుకి చేరింది. ఈ పాత రికార్డుల్లో ఎక్కువ భాగం కంపెనీ ఉద్యోగులు, సిపాయి దొరలు, ఆర్మేనియన్ వర్తకులు. మన ఊళ్ళవాళ్ళ విషయానికొస్తే 1829లో మద్రాసు ప్రభుత్వం అయిదో రెగ్యులేషన్ తెచ్చి, హిందువులు రాసే వీలునామాలు హిందూ ధర్మశాస్త్రానికి ఒప్పితేనే చెల్లుతాయంది. 1870 హిందూ విల్స్ చట్టం మన ప్రెసిడెన్సీలో మద్రాసు పట్నానికీ, అక్కడున్న స్థిరాస్తికీ పరిమితం. నెల్లూరు, రాజమండ్రి లాంటి చోట్ల హిందువులకీ ముస్లింలకీ జిల్లా కోర్టు ప్రొబేట్ ఇచ్చే పద్ధతి సరిగ్గా కుదిరింది 1881 ప్రొబేట్ అండ్ అడ్మినిస్ట్రేషన్ చట్టంతోనే, అదీ తప్పనిసరి కాదు, కావాలంటే తెచ్చుకోవచ్చు అన్నట్టు.

ఇంకో పెద్ద కారణం ఉమ్మడి కుటుంబం. మితాక్షర న్యాయం (మన ప్రాంతంలో నడిచిన హిందూ వారసత్వ పద్ధతి) ప్రకారం అవిభక్త కుటుంబంలో ఒకరు పోతే ఆయన వాటా మిగిలినవాళ్ళకే చేరిపోతుంది, దాన్ని వీలునామాలో ఎవరికీ రాయడానికి లేదు. పాతిక ఎకరాలున్న రైతు పోయినా కోర్టు గడప తొక్కాల్సిన పని పడకపోవడానికి కారణం ఇదే. మరి కోర్టుకి ఎవరు వెళ్ళేవారు? స్వార్జితం ఉన్న ప్లీడర్లు, గుమాస్తాలు, కంట్రాక్టర్లు, బ్యాంకులోనో ప్రభుత్వ బాండ్లలోనో డబ్బు పెట్టినవాళ్ళు, అన్నిటికంటే ముఖ్యంగా ఊళ్ళో వడ్డీకి ఇచ్చినవాళ్ళు, ఎందుకంటే 1889 సక్సెషన్ సర్టిఫికెట్ చట్టం వచ్చాక చనిపోయినవాడికి రావలసిన బాకీ మీద డిక్రీ తెచ్చుకోవాలంటే వారసుడు ఆ సర్టిఫికెట్టో ప్రొబేటో చూపించాల్సి వచ్చేది. మీ ముత్తాత వడ్డీ వ్యాపారి అయితే సంతోషించండి, పరువు సంగతి తర్వాత చూసుకుందాం!

అపోహ: వీలునామా రాయకుండా పోయారంటే కోర్టులో ఏమీ ఉండదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇది. నా మటుకు నాకు వీలునామా ఉన్న ఫైలు కన్నా లేని ఫైలు దొరికితేనే ఎక్కువ ఆనందం.

ఎందుకంటే ప్రొబేట్ అర్జీలో చట్టం అడిగేవి కొన్నే: ఎప్పుడు చనిపోయారు, ఇదే ఆఖరి వీలునామానా, సరిగా సంతకాలు జరిగాయా, ఆస్తి విలువెంత, అర్జీదారు అందులో పేర్కొన్న ఎగ్జిక్యూటరేనా (వీలునామా అమలు చేయమని అప్పగించిన మనిషేనా). కుటుంబం జాబితా అడగదు. అదే వీలునామా లేనప్పుడు పెట్టే లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (ఆస్తి వ్యవహారాలు చూసే అధికారమిచ్చే కోర్టు ఉత్తర్వు) అర్జీలో చనిపోయినవారి కుటుంబసభ్యులు, ఇతర బంధువులు ఎవరెవరు, ఎవరు ఎక్కడ ఉంటున్నారు అన్నది రాసి తీరాలి. 1865 ఇండియన్ సక్సెషన్ చట్టంలోనూ ఈ నిబంధన ఉంది, 1881 చట్టంలోనూ ఉంది. 1889 సక్సెషన్ సర్టిఫికెట్ అర్జీదీ ఇదే తంతు. అంటే కోర్టే మీకోసం ఒక చిన్న జనాభా లెక్క రాయించి పెట్టిందన్నమాట, ఫలానా తమ్ముడు ఫలానా ఊళ్ళో, భార్య పుట్టింట్లో, మైనరు కొడుకు మేనమామ దగ్గర అని.

తెలుగు క్రైస్తవ కుటుంబాలవాళ్ళు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. 1865 చట్టం హిందువులకీ ముస్లింలకీ వర్తించలేదు గానీ భారతీయ క్రైస్తవులకి వర్తించింది. వీలునామా లేకుండా పోయినవారి ఆస్తి మీద కోర్టులో హక్కు నిలబెట్టుకోవాలంటే వాళ్ళకి లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ తప్పనిసరి. 1901లో వచ్చిన ప్రత్యేక చట్టంతో ఈ నిర్బంధం తీసేశారు. కాబట్టి 1866 నుంచి 1901 మధ్య కాస్త ఆస్తి ఉండి చనిపోయిన క్రైస్తవ పెద్దలుంటే జిల్లా కోర్టు రికార్డు తప్పక అడగండి. చర్చి రిజిస్టర్లతో ఆగిపోయేవాళ్ళే ఎక్కువ.

వీలునామా ఉన్నా కూడా దాన్ని మాత్రమే నకలు తీసుకుని వచ్చేయకండి, దయచేసి. ప్రొబేట్ తీసుకున్నవాళ్ళు ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో జమాఖర్చులు దాఖలు చేయాలన్నది నియమం. అందరూ చేశారని కాదు, కానీ చేసినచోట బాకీదారుల పేర్లు ఊళ్ళతో సహా ఉంటాయి, నగలు ఎవరి దగ్గర ఉన్నాయో ఉంటుంది, ఒక్కోసారి దినవారాల ఖర్చు ఎవరి చేతి మీదుగా జరిగిందో కూడా తెలుస్తుంది, అది చూస్తే కర్మ చేసిందెవరో ఊహించవచ్చు. విలువల్ని మాత్రం యథాతథంగా నమ్మొద్దు. 1870 కోర్టు ఫీజుల చట్టం కింద ఆస్తి వెయ్యి రూపాయలు దాటితే నూటికి రెండు చొప్పున కట్టాలి, మన పెద్దలూ మనుషులే కదా.

అపోహ: కోర్టు ప్రొబేట్ ఇచ్చింది కాబట్టి అందులో రాసిన చుట్టరికాలన్నీ నిజమే.

కాదు. ప్రొబేట్ తేల్చేది, ఈ కాగితం ఫలానా ఆయన తెలివిలో ఉండి చట్టప్రకారం రాసిందే, దీన్ని అమలు చేసే హక్కు ఈ ఎగ్జిక్యూటర్‌ది అని. అంతవరకే. ఆ పొలం నిజంగా ఆయనదా, "నా కుమారుడు" అని రాసిన కుర్రవాడు కన్న కొడుకా దత్తుడా అన్నది ఆ కోర్టు తేల్చదు. దత్తుణ్ణి కొడుకనే రాస్తారు, అది తప్పు కూడా కాదు. కానీ మీరు చెట్టు గీసేటప్పుడు అతని జనక తండ్రి ఇంటిపేరు, గోత్రం వేరే అయి ఉండొచ్చు. అనుమానం వస్తే రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళండి. 1872 జనవరి 1 తర్వాత వీలునామాలో కాకుండా విడిగా రాసిన దత్తతాధికార పత్రాలకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, వాటిని వీలునామాలతో పాటు మూడో నంబరు పుస్తకంలోనే ఎక్కిస్తారు.

అర్జీలో ఉన్న బంధువుల జాబితా కూడా అర్జీదారు చెప్పిందే. గిట్టని పాలివాడి పేరు మరిచిపోవడం పెద్ద వింతేం కాదు. అందుకే ఎవరైనా కేవియట్ (నా మాట వినకుండా ప్రొబేట్ ఇవ్వొద్దన్న నోటీసు) వేసి అడ్డుపడ్డ కేసులు మనకి బంగారం. హైకోర్టులో అయితే ఓ.పి. (ఒరిజినల్ పిటిషన్, అంటే మొదటి అర్జీ) కాస్తా టెస్టమెంటరీ సూట్‌గా, అంటే వీలునామా మీద పూర్తి దావాగా మారుతుంది, అప్పుడు రెండు పక్షాలూ తమకి పనికొచ్చే వంశవృక్షాలు దాఖలు చేసి, సాక్షుల్ని పిలిపించి, పెళ్ళిళ్ళూ పురుళ్ళూ అన్నీ బయటకి లాగుతారు. ఏ పక్షం చెట్టునీ ఒంటరిగా నమ్మకండి, ఇద్దరూ ఒప్పుకున్న కొమ్మల్ని ముందు రాసుకోండి. ఆస్తి గొడవ ఎంత లోతుకి వెళ్తుందో చూడాలంటే బళ్ళారి అబ్రహాం కుటుంబం కేసు చదవండి, అప్పట్లో మన కేసులకి ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1863లో తీర్పిచ్చింది. మతం మారిన కుటుంబంలో భర్త పోయాక ఆయన భార్యకీ తమ్ముడికీ మధ్య దావా అది, వాళ్ళు ఎలా తిన్నారు, ఏం కట్టారు, ఎవరితో మెలిగారు అన్నదంతా సాక్ష్యంగా రికార్డుకెక్కింది.

అపోహ: వీలునామాలో పేరు లేదు, అంటే అప్పటికి ఆ మనిషి లేడు.

పెళ్ళైన కూతురికి పసుపు కుంకుమ కింద ముందే ఇచ్చేసి ఉంటారు, పంచుకుని వేరుపడిన కొడుకు ప్రస్తావన అనవసరం అనుకుని ఉంటారు. పేరు లేకపోవడం దేనికీ రుజువు కాదు.

అపోహ: చనిపోయిన ఏడాది, ఊరు తెలిస్తే ఫైలు దొరికినట్టే.

ఏడాది సంగతి ముందు. వీలునామా రాసిన తేదీ, చనిపోయిన తేదీ, కోర్టుకెళ్ళిన తేదీ మూడూ వేరు, చివరి రెండింటి మధ్య ఏళ్ళు గడవొచ్చు, బాకీదారు ఎదురు తిరిగినప్పుడు గానీ ఎవరికీ కోర్టు గుర్తుకురాదు. తెలుగులో రాసిన పత్రంలో "దుర్ముఖి సంవత్సర" అని మాత్రమే ఉంటే అది 1836-37 కావచ్చు, 1896-97 కావచ్చు, స్టాంపు కాగితం చూసి తేల్చుకోవాలి. ఫసలీ (శిస్తు లెక్కల ఏడాది) ఉంటే 590 కలపండి, 1300 ఫసలీ అంటే 1890-91.

ఇక ఊరు. భీమవరం తీసుకోండి. 1890లో అది గోదావరి జిల్లా, కోర్టు రాజమండ్రి. 1904లో ఆ తాలూకాని కృష్ణా జిల్లాలో కలిపారు, అంటే మచిలీపట్నం. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడింది, ఏలూరు. ఒకే ఇంట్లో తాత, తండ్రి, కొడుకుల ఫైళ్ళు మూడు ఊళ్ళ పాలైపోవచ్చు. జిల్లా మారిన రోజే కోర్టు పరిధి కూడా మారిందనుకోకుండా సరిహద్దు ఏళ్ళకి రెండు చోట్లా అడగండి. ఇండెక్సులో ఇంటిపేరు కింద ఒకసారి, అసలు పేరు కింద ఒకసారి చూడాలి, వెంకట అన్న ఒక్క పేరుకే దొరల గుమాస్తాలు రాసిన ఇంగ్లీషు స్పెల్లింగులు చూస్తే తలనొప్పి వస్తుంది.

అపోహ: ఇప్పుడన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి.

ఆన్‌లైన్‌లో బాగా దొరికేవి లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల నుంచి వచ్చినవి, ముఖ్యంగా యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్లవి. మేయర్స్ కోర్టు దావా కాగితాలు కొన్నిటిని మద్రాసు రికార్డు ఆఫీసు పుస్తకాలుగా అచ్చేసింది, ఆ ఆఫీసే ఇప్పుడు ఎగ్మూరులో ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్. అప్పీలుకెళ్ళిన కేసుల తీర్పులు లా రిపోర్టుల్లో ఉంటాయి, మద్రాసు సిరీస్ 1876 నుంచి మొదలు. జిల్లా కోర్టు ఫైళ్ళకి మాత్రం జిల్లా కోర్టుకే వెళ్ళాలి. ప్రొబేట్ ఇచ్చిన అసలు వీలునామాని కోర్టు భద్రపరచాలని చట్టంలోనే ఉంది కాబట్టి రికార్డు రూములో "పాతవి లేవండీ" అన్న మొదటి జవాబుతో వెనక్కి రావొద్దు.

అపోహ: వాళ్ళ వీలునామా మనకెందుకిస్తారు?

రాసినవారు బతికున్నంతకాలం ఇవ్వరు, నిజమే. పోయిన తర్వాత మూడో పుస్తకంలో ఎక్కిన వీలునామా నకలు ఎవరు దరఖాస్తు చేసినా ఇవ్వాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. మీరు వారసులని నిరూపించక్కర్లేదు. వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గనుక అక్కడ లేకపోతే నిరాశపడక్కర్లేదు, కోర్టులో ఉండొచ్చు. దరఖాస్తులో రాసినవారి పేరు రెండు మూడు రకాలుగా, తండ్రి పేరు, అప్పటి తాలూకా, అయిదారేళ్ళ వ్యవధి రాయండి, ఒకే ఏడాది రాస్తే ఆ ఏడాది ఇండెక్సు ఒక్కటే చూసి లేదనేస్తారు.