మత్తడి కింది నురుగు

"లైఫ్ జాకెట్ వేసుకున్నవాడు కూడా ఆ తెల్ల నురుగులో ఎందుకు మునిగిపోతాడు?" లదాఖ్‌లోని జాంస్కర్ నదిలో కయాకింగ్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ సాహసం) వీడియో చూసి మెహిదీపట్నం పాఠకులొకరు అడిగిన ప్రశ్న ఇది. జవాబు సగం మన వంటింట్లోనే ఉంది. కుళాయి కింద స్టీలు పళ్లెం బోర్లించి నీళ్లు వదలండి. ధార పడ్డచోట నీరు అద్దంలా పలుచగా, వేగంగా పరుచుకుంటుంది. కాస్త దూరం పోగానే ఒక్కసారిగా లేచి, మందమై, నెమ్మదిస్తుంది. ఆ వలయమే హైడ్రాలిక్ జంప్. చెరువు మత్తడి దుంకినప్పుడు కింద తిరగబడే నురుగూ, లోయలో బండ దాటిన నీరు వెనక్కి విరుచుకుపడే గుంటా దీనికి పెద్దన్నలు.

2 మీటర్ల ఎత్తు నుంచి దూకిన నీరు సెకనుకు 6.3 మీటర్ల వేగం అందుకుంటుంది. అర మీటరు లోతు నీటిలో అల పరుగెత్తేది సెకనుకు 2.2 మీటర్లే. అంటే ప్రవాహం తన అలకన్నా దాదాపు మూడు రెట్లు జోరుమీద ఉంది. దిగువన లోతైన, నిదానమైన నీరు తగలగానే ఆ జోరు తిరుగుడుగా మారుతుంది. అడుగు నీరు దిగువకు పోతుంది, పై నీరు ఎగువకు దొర్లి మళ్లీ ధార కిందికే వస్తుంది. తేలేదేదైనా, దుంగైనా మనిషైనా, పై నీటితో వెనక్కే వస్తుంది. గంగమ్మ బలి కోరిందని ఊళ్లలో అనుకునేది ఈ దొర్లుడునే.

బడిలో ఆర్కిమెడిస్ సూత్రాన్ని వల్లె వేయిస్తాం గానీ నీటిలో గాలి కలిస్తే ఏమవుతుందని అడగం. లెక్క చూడండి. 70 కిలోల మనిషి సుమారు 71 లీటర్లు. 70 న్యూటన్ల, అంటే దాదాపు 7 కిలోల బరువును తేల్చే జాకెట్ కిలో బరువుంటే 8 లీటర్లు. కలిపి 79 లీటర్లు, 71 కిలోలు. మామూలు నీటిలో 8 కిలోల తేలుడు మిగులుతుంది. పదో వంతు గాలి కలిసిన నురుగు 79 లీటర్లు తూగేది 71 కిలోలే, మిగులు సున్నా! 30 శాతం గాలైతే 16 కిలోల లోటు. తెడ్డుకూ అక్కడ పట్టు దొరకదు.

అందుకే కయాకర్లు గుంటలో పడకుండా దానిమీదుగా దూకుతారు. దీన్ని బూఫ్ అంటారు. అంచు చేరిన క్షణంలో తెడ్డును అంచుకవతల లోతుగా దించి గట్టిగా లాగుతూ, మోకాళ్లతో పడవ ముక్కు పైకెత్తి, అది నురుగు దాటి బల్లపరుపుగా వాలేలా చూడాలి. వాలేటప్పుడు ఒళ్లు ముందుకు వంచాలి. ముక్కు కిందికి వాలితే ధార పడవను గుంటలోకే తొక్కుతుంది.

హిమానీనదాలు కరిగి పారే నదిలో మరో చిక్కు: రాతిపిండి కలిసి నీరు బూడిదరంగులో ఉంటుంది, అడుగున బండ కనబడదు. ఎండకు మంచు కరిగి మధ్యాహ్నం తర్వాత మట్టం పెరుగుతుంది. పొద్దున దాటిన గుంట సాయంత్రానికి వేరే గుంట.

గుంట రెండు చివర్లు దిగువకు వంగి ఉంటే పక్కనుంచి బయటపడొచ్చు. ఎగువకు వంగి ఉంటే నీరు మధ్యకే నెడుతుంది. కాంక్రీటు చెక్‌డ్యామ్‌కు వంపే లేదు, గట్టు నుంచి గట్టుదాకా ఒకే దొర్లుడు. చూడ్డానికి మోకాలెత్తు జలపాతంలా ఉండే ఇది అన్నిటికన్నా ప్రమాదకరం. పడవ తప్పి పడినవాడు ముడుచుకుని, అడుగు నీటితో దిగువకు పోవాలి. గట్టున ఉన్నవాళ్లు నీళ్లలో దిగకుండా 15, 20 మీటర్ల తాడే విసరాలి.