ఈరోజు ఎపిసోడ్ ఈరోజుది కాదు: గేమ్ షో వెనక అపోహలు - వాస్తవాలు

పెళ్ళి భోజనాల దగ్గర నేనేం పని చేస్తానో తెలియగానే పక్కవాళ్ళు అడిగేది ఒకటే: "అదంతా ముందే ఫిక్స్ చేస్తారట కదండీ?" హైదరాబాదులో ఒక చానెల్‌కి మధ్యాహ్నం పూట వచ్చే మహిళల గేమ్ షోలో పదకొండేళ్ళు పనిచేశాను. మొదట ఫ్లోర్ మీద, తర్వాత షెడ్యూలింగ్‌లో. ఆ రెండో కుర్చీలోకి వచ్చాకే నాకూ తెలిసింది, చూసేవాళ్ళకి అనుమానం కలిగించే చాలా సంగతుల వెనక ఉన్నది క్యాలెండరేనని.

అపోహ: ఏ రోజు ఎపిసోడ్ ఆ రోజో, మహా అయితే ముందు రోజో తీస్తారు.

మా షో వారానికి ఆరు రోజులు వచ్చేది. షూటింగ్ మాత్రం నెలకి ఆరేడు రోజులే. రోజుకి నాలుగు ఎపిసోడ్లు లాగేవాళ్ళం. ఫ్లోర్ అద్దె, లైట్లు, ఏడు కెమెరాలు, జిమ్మీ జిబ్ అనే క్రేన్ కెమెరా, అన్ని కెమెరాల్నీ నడిపించే కంట్రోల్ రూమ్ (పీసీఆర్), యాంకర్ కాల్‌షీట్, అన్నీ రోజు లెక్కన బిల్లవుతాయి. సెట్టు వేసి లైటింగ్ సరిచేయడానికే ఒక రోజు పోతుంది. అంత చేసి ఒక్క ఎపిసోడ్ తీసి ప్యాకప్ చెబితే ప్రొడ్యూసర్ ఇల్లు అమ్ముకోవాలి. ఇది మన దగ్గరే ఉన్న పద్ధతీ కాదు. అమెరికాలో దశాబ్దాలుగా నడుస్తున్న జెపర్డీ అనే క్విజ్ షో కూడా కల్వర్ సిటీలోని స్టూడియోలో రోజుకి ఐదు ఎపిసోడ్లు తీస్తుంది. సోమవారం గెలిచిన మనిషి మంగళవారం వేరే చొక్కాలో కనిపిస్తాడు చూడండి, ఆ రెంటికీ మధ్య గడిచింది చొక్కా మార్చుకునేంత సేపే.

మా దగ్గర ఉదయం ఏడింటికి మేకప్, తొమ్మిదిన్నరకి మొదటి ఎపిసోడ్. నాలుగోది ముగిసేసరికి రాత్రి తొమ్మిది దాటేది. యాంకర్‌కి నాలుగు చీరలు, నాలుగు సెట్ల నగలు, నాలుగు రకాల జడలు. మూడో ఎపిసోడ్ సరిగ్గా భోజనాల తర్వాత పడేది. పులిహోర, పెరుగన్నం తిన్న ఆడియన్స్ ముందు ఎవరు ఏ జోకు వేసినా అది నేల మీదే పడిపోతుంది. అందుకే గట్టిగా మాట్లాడే పోటీదారుల్నీ, పరుగులు పెట్టించే ఆటల్నీ మూడోదానికి దాచేవాళ్ళం. తీసిన వరసలోనే ప్రసారం కూడా కావు. బాగా వచ్చింది సోమవారానికి పోతుంది, చప్పగా వచ్చింది గురువారం మధ్యలో ఇరుక్కుంటుంది.

ఇలా తీసి పెట్టుకున్న నిల్వని బ్యాంక్ అంటాం. మూడు వారాల బ్యాంక్ ఉంటే షెడ్యూలింగ్ వాడికి నిద్ర పడుతుంది. నాలుగు ఎపిసోడ్లకి పడిపోయిందంటే ఫోను తలగడ కింద పెట్టుకుని పడుకోవాల్సిందే.

బ్యాంకు వల్ల పండగలకి వచ్చే కష్టం చెప్తాను. సంక్రాంతి ఎపిసోడ్లు డిసెంబరు మొదట్లో తీసేవాళ్ళం. ఏసీ ఫ్లోర్‌లో ముగ్గులు, గొబ్బెమ్మలు, బయట వరండాలో బసవన్న. ఉగాది ఎపిసోడ్ ఫిబ్రవరిలో పడేది. పచ్చడికి మామిడికాయ ఎలాగోలా దొరికేది కానీ వేపపువ్వు ఎక్కడిది? ఒక ఏడాది మా కాస్ట్యూమ్స్ అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ నిరుడు ఎండబెట్టిన పువ్వు సీసాలో పెట్టి పంపింది. తెర మీద మీరు చూసిన ఉగాది పచ్చడి అదే.

అసలు చిక్కు ప్రశ్నలతో. 2019 జనవరిలో ఒక ఎపిసోడ్ తీశాం. "తెలంగాణలో ఎన్ని జిల్లాలున్నాయి?" పోటీకి వచ్చిన ఆవిడ తడుముకోకుండా 31 అంది. సరైన జవాబే, చప్పట్లు, రెండు వేలు. ఆ ఎపిసోడ్‌ని మార్చి మొదటి వారంలో వేశాం. ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట కొత్త జిల్లాలయ్యాయి. లెక్క 33కి మారింది. ప్రసారానికి రెండు రోజుల ముందు ఎడిటింగ్ కుర్రాడు పట్టుకున్నాడు, "అన్నా, మాది నారాయణపేటే" అంటూ. ప్రశ్న తీసేద్దామంటే చివర్లో ఆవిడ మొత్తం తేలదు. పందెం సొమ్ములో రెండు వేలు గాల్లోంచి వచ్చినట్టుంటుంది. కింద స్క్రోల్ వేశాం, ఈ కార్యక్రమం జనవరిలో చిత్రీకరించినదని. స్క్రోల్ ఎవరు చదువుతారు? ఆ మధ్యాహ్నం ఫోన్లు ఆగలేదు. "తప్పు జవాబుకి డబ్బులిచ్చారు, మీ మనిషా ఏంటి?" ఆ తర్వాత నుంచి తేదీ మారితే జవాబు మారే ప్రశ్నలకి ఎర్ర చుక్క పెట్టి, ఆ ఎపిసోడ్లని బ్యాంకులో ముందు వాడేయడం మొదలుపెట్టాం. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ 13 జిల్లాలు 26 అయినప్పుడు మేం బతికిపోయింది ఆ ఎర్ర చుక్క వల్లే.

అపోహ: ఎవరు గెలవాలో ముందే నిర్ణయిస్తారు.

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. 1950లలో అమెరికాలో ట్వంటీ వన్ అనే క్విజ్ షోలో జవాబులు ముందే చెప్పి ఆడించారు. చార్ల్స్ వాన్ డోరెన్ అనే కాలేజీ అధ్యాపకుడు ఆ ఆటతో ఇంటింటా హీరో అయ్యాడు. 1959లో అమెరికా కాంగ్రెస్ విచారణలో స్వయంగా ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది అక్కడ అలాంటి పోటీల్ని ముందే ఫిక్స్ చేయడాన్ని నేరం చేస్తూ చట్టమే తెచ్చారు. అందుకే అక్కడి షోల్లో ప్రశ్నలు చూసేవాళ్ళు పోటీదారులతో కలవకుండా గోడ కడతారు. మా చిన్న షోలోనూ ప్రశ్నల టీమ్‌కి వేరే గది, వేరే టీ కూడా. పోటీదారుల్ని తెచ్చే కోఆర్డినేటర్‌కి ఆ గది తలుపు తట్టే హక్కు లేదు.

మరి మేం దేనిలోనూ చెయ్యి పెట్టమా? పెడతాం, ఎంపికలో. ఆడిషన్‌కి వచ్చినవాళ్ళలో జ్ఞానం ఉన్నవాళ్ళకంటే నోరున్నవాళ్ళు ముందు ఎంపికవుతారు. అత్తాకోడళ్ళు కలిసి వస్తే ఇద్దరికీ సీటు ఖాయం. ఇది న్యాయమా అంటే నేను చెప్పలేను. గెలుపోటములు మాత్రం ఫ్లోర్ మీదే తేలతాయి. ఎడిటింగ్‌లో ఆలోచించే సమయం పొడుగవుతుంది, ఇంకెప్పుడో తీసిన కంగారు ముఖం వచ్చి ఇక్కడ అతుక్కుంటుంది. జవాబు మారదు.

అపోహ: సరిగ్గా పెద్ద ప్రశ్న దగ్గర, ఇవాళ్టికి టైమైపోయిందని చెప్పే హూటర్ కావాలనే మోగిస్తారు.

ఈ ఒక్కదానికి సగం తల ఊపుతాను. మన దగ్గర టీవీలో గంటకి 12 నిమిషాలకి మించి ప్రకటనలు ఉండకూడదని నిబంధన. అందులో పది వ్యాపార ప్రకటనలకి, రెండు చానెల్ సొంత ప్రోమోలకి. అరగంట స్లాట్‌లో ఇవి పోగా మిగిలిన నిమిషాల్లోనే ఆట ఇమడాలి. ఆట ఇమడనప్పుడు మిగతాది రేపటికి. కౌన్ బనేగా కరోడ్‌పతి 2000 జులై 3న మొదలైన దగ్గర్నుంచి, మన తెలుగులో 2014లో నాగార్జున చేసిన మీలో ఎవరు కోటీశ్వరుడు దాకా, సగం ఆటలో ఆగిన మనిషి తర్వాతి ఎపిసోడ్‌లో కొనసాగడం ఆ ఫార్మాట్‌లోనే ఉంది. ఎక్కడ ఆపితే బాగుంటుందో మేం ఆలోచించమని కాదు. కానీ రాత్రి ఎనిమిదిన్నరకి ఆడియన్స్ బస్సు డ్రైవర్ హారన్ కొడుతుంటే ఉత్కంఠ గురించి ఆలోచించే ఓపిక ఎవరికుంటుంది?

ఆట ఇమడకపోవడం ఎంత దూరం పోతుందో 1984లో అమెరికాలోని ప్రెస్ యువర్ లక్ అనే గేమ్ షో వాళ్ళు చూశారు. మైకేల్ లార్సన్ అనే ఆయన ఇంట్లో టీవీ ముందు కూర్చుని, ఆటగాడు బటన్ నొక్కి ఆపాల్సిన బహుమతుల బోర్డు మీద లైట్లు తిరిగే వరసలు ఐదేనని కనిపెట్టి బట్టీపట్టాడు. బోర్డు ఆయన్ని ఓడించలేదు, ఆట ఆగలేదు. 1,10,237 డాలర్లు గెలిచేసరికి ఎపిసోడ్ నిడివి దాటిపోయింది. దాన్ని రెండు ముక్కలు చేసి శుక్రవారం సగం, సోమవారం సగం వేశారు. అది మోసం కాదని తేల్చి డబ్బూ ఇచ్చారు. ఆ వారం షెడ్యూలింగ్ చేసినవాడి మీద నాకు ఇప్పటికీ జాలి.

కొనసాగే పోటీదారు మా బాధ్యత కూడా. ఇంగ్లండులో 2001లో, కరోడ్‌పతికి మూలమైన హూ వాంట్స్ టు బీ ఎ మిలియనీర్ షోలో చార్ల్స్ ఇంగ్రామ్ అనే సైనికాధికారి పది లక్షల పౌండ్ల ప్రశ్న దాకా వెళ్ళాడు. ఆయన ఆట రెండు రోజుల రికార్డింగ్ మీద సాగింది. దగ్గులతో జవాబులు అందాయని 2003లో కోర్టు దోషిగా తేల్చింది. ఆ సొమ్ము ఆయన చేతికి రాలేదు. మా దగ్గర ఆట మధ్యలో ఆగిన పోటీదారు ఫోను మా దగ్గరే ఉండేది. తిరిగి సీట్లో కూర్చునేటప్పుడు అదే చీర, అదే బొట్టు, అవే గాజులు. కంటిన్యుటీ ఫొటో చూసి లెక్కపెట్టేవాళ్ళం.

అపోహ: గెలిచిన చెక్కు అక్కడే ఇచ్చేస్తారు.

అక్కడ ఇచ్చేది థర్మాకోల్ చెక్కు. అసలు సొమ్ము ఎపిసోడ్ ప్రసారమయ్యాకే. గెలిచింది పది వేలు దాటితే ఆదాయపు పన్ను 30 శాతం ముందే కోసుకుని ఇవ్వాలని చట్టం. లక్ష గెలిస్తే చేతికి 70 వేలు. మీకు వేరే ఆదాయం ఏమీ లేకపోయినా ఈ సొమ్ముకి శ్లాబుల మినహాయింపు లేదు. వస్తువైతే ఇంకా ఇబ్బంది. స్కూటర్ గెలిస్తే దాని విలువ మీద పన్ను ముందు కట్టాలి, అప్పుడే తాళాలు. "గెలిచినదానికి ఎదురు డబ్బులా?" అని ఒకావిడ స్టూడియో మెట్ల మీద కూర్చుండిపోయింది. నిజానికి ఆ రోజు తప్పు మాదే, ఆట మొదలవకముందే చెప్పాల్సింది.

అపోహ: చప్పట్లన్నీ రికార్డింగే.

మనుషులే కొడతారు. కొందరు పోటీదారుల చుట్టాలు, మిగతావాళ్ళు కృష్ణానగర్ నుంచి కోఆర్డినేటర్ తెచ్చే జూనియర్ ఆర్టిస్టులు, రోజు బేటా, అంటే రోజుకింత అని ఇచ్చే డబ్బు మీద. ఆట మొదలుకాకముందే అరగంట చప్పట్ల షాట్లు విడిగా తీసి పెట్టుకుంటాం. 2020లో కోవిడ్ వల్ల ఆడియన్స్ లేకుండా షూటింగ్ చేసినప్పుడు కరోడ్‌పతి వాళ్ళు ఆడియన్స్ పోల్ తీసేసి వీడియో కాల్‌లో స్నేహితుణ్ని అడిగే లైఫ్‌లైన్ పెట్టారు. మేం పాత చప్పట్లు వాడాం. వాటిలో ఒక పెద్దాయన మాస్కు లేకుండా నవ్వుతూ నాలుగు నెలలు వరసగా కనిపించాడు.

అపోహ: టైమ్ మార్చారంటే షో పని అయిపోయినట్టే.

రేటింగ్స్ గురువారం వస్తాయి. ఆ రోజు మేం సరిగ్గా తినం, నిజమే. కానీ స్లాట్ మార్చడానికి సవాలక్ష కారణాలు. ముందు వచ్చే సీరియల్ మారుతుంది, ఐపీఎల్ వస్తుంది, పోటీ చానెల్ అదే టైమ్‌కి పాత హిట్ సినిమా వేస్తుంది. వారం వారం ఏది ఎప్పుడో రాసుకునే చార్టుని ఎఫ్‌పీసీ, అంటే ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్ అంటాం. ఫిక్స్‌డ్ అని పేరులో ఉంది కానీ అందులో ఫిక్స్ అయినవి వార్తలొక్కటే.

ఒక్కోసారి తేదీ మార్చడం మర్యాద కూడా. జెపర్డీని 1984 నుంచి నడిపిన అలెక్స్ ట్రెబెక్ 2020 నవంబరు 8న పోయారు. ఆఖరి రికార్డింగ్ అక్టోబరు 29న, అంటే పది రోజుల ముందు. ఆయన ఎపిసోడ్లు లెక్క ప్రకారం క్రిస్మస్ రోజుతో అయిపోవాలి. పండగ రోజుల్లో చాలా స్టేషన్లు షోని పక్కన పెట్టి వేరే కార్యక్రమాలు వేస్తాయి. అందుకని ఆయన చివరి వారాన్ని ఆపి, 2021 జనవరి 4 నుంచి 8 వరకు వేశారు. మధ్యలో పాత ఎపిసోడ్లు నింపారు. ఎవరో నా లాంటివాడు చార్టు ముందు కూర్చుని ఆ ఐదు గడులు పక్కకి జరిపి ఉంటాడు.

ఇక మీరెవరైనా పోటీకి వెళ్తుంటే రెండు మాటలు. అడిగిన దానికంటే ఒక చీర ఎక్కువ తెచ్చుకోండి, చిన్న గళ్ళవి వద్దు, కెమెరాలో చీర కదిలినట్టు కనిపిస్తుంది. టెలికాస్ట్ తేదీ మేం ఫోన్ చేసి చెబుతాం. ఊళ్ళో వాళ్ళకి చెప్పడం మాత్రం ప్రోమో పడ్డాక. మాచర్ల నుంచి వచ్చిన ఒక పోటీదారు ఇంటి ముందు షామియానా వేయించి, ప్రొజెక్టర్ తెప్పించి, వీధి మొత్తాన్ని కూర్చోబెట్టింది. ఆ రోజు మధ్యాహ్నం ఒక పెద్ద నాయకుడు పోయారు, చానెల్ మొత్తం వార్తలకి తిప్పేశాం. ఎపిసోడ్ పన్నెండు రోజుల తర్వాత వచ్చింది. షామియానా అద్దె ఎవరిస్తారని ఆవిడ అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి అడుగుతూనే ఉంటుంది.