గ్లాసు ఏ చేతిలో ఉంది?

నల్గొండ క్లాక్ టవర్ సెంటర్‌లో ఓ చాయ్ హోటల్. బావ, బామ్మర్ది ఎదురెదురుగా కూర్చుని పొలం పంపకం మాట్లాడుకుంటున్నారు. తెరమీద రెండు నిమిషాల సీను, తీయడానికి మాత్రం పూట పడుతుంది. ఆ తేడా ఎక్కడా బయటపడకూడదు. గోడ గడియారం ఫ్రేములో ఉందా, ముందు దాన్ని దించేయండి.

ఇద్దరి మధ్య ఒక గీత ఉందనుకోండి. కెమెరా ఎన్నిచోట్ల పెట్టినా గీతకు ఒకే పక్కన, అంటే 180 డిగ్రీల లోపలే ఉండాలి. అప్పుడు బావ ఎప్పుడూ కుడికి, బామ్మర్ది ఎడమకు చూస్తుంటారు. గీత దాటితే ఇద్దరూ ఒకే దిక్కు చూస్తూ ఎవరో మూడోమనిషితో మాట్లాడుతున్నట్టుంటుంది. దాటక తప్పకపోతే షాటు నడుస్తుండగానే కెమెరాను అటు జరపాలి. ఒకే మనిషి మీద వరుసగా రెండు షాట్లు వేసేటప్పుడు కోణం కనీసం 30 డిగ్రీలు మారాలి, లేకుంటే బొమ్మ ఎగిరిపడుతుంది.

అసలు తంటా గ్లాసుతోనే. వైడ్ షాట్‌లో, అంటే ఇద్దరూ బల్లతో సహా కనబడే దూరపు షాట్‌లో, బావ "ఎకరం" అన్న మాట మీద కుడిచేత్తో గ్లాసు ఎత్తితే, క్లోజప్‌లోనూ అదే మాట మీద, అదే చేత్తో ఎత్తాలి. కొత్తవాళ్లు క్లోజప్‌ను సరిగ్గా ఎత్తే క్షణం నుంచే తీస్తారు. ఎడిటింగ్‌లో కలపడానికి చోటు మిగలదు. రెండు మూడు సెకన్లు ముందునుంచి నటింపజేసి, తర్వాత ఇంకాస్త సాగనివ్వాలి. గ్లాసు బల్లకూ పెదవికీ నడుమ ఉండగా కట్ చేసి క్లోజప్‌కు మారితే కన్ను చెయ్యి వెంటే పోతుంది, అతుకు పట్టుబడదు. ప్రతి టేకుకూ చాయ్ అదే మట్టానికి నింపాలి, బల్లను సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోవాలి.

1997లో డేనియల్ లెవిన్, డేనియల్ సైమన్స్ అనే పరిశోధకులు చూపిన వీడియోల్లో కుర్చీలోంచి లేచే నటుడొకరు, కట్ తర్వాత ఫోన్ ఎత్తేది ఇంకొకరు. చూసినవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది పసిగట్టలేదు. అందుకే టైం చాలనప్పుడు చొక్కా గుండీల కన్నా చూపు దిక్కు, చేతి కదలిక చూసుకోవడం మేలు.

ఎండతో బేరం కుదరదు. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు, నీడలూ జరుగుతాయి. నేల కనబడే వైడ్ షాట్లు ముందే గబగబా ముగించాలి. క్లోజప్‌లో ముఖం మీది వెలుగును థర్మాకోల్ షీటుతో సర్దుకోవచ్చు. ఫోన్‌తో తీస్తే ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ) మారకుండా లాక్ చేయాలి, లేదంటే వెనకాల ఆర్టీసీ బస్సు పోయినప్పుడల్లా ముఖాల వెలుగు, రంగు మారిపోతాయి.

ప్యాకప్‌కు ముందు అందరినీ ఊరుకోబెట్టి, స్టవ్ బుస, ఫ్యాన్ చప్పుడు ఓ 30 సెకన్లు రికార్డు చేసుకోండి. దాన్ని సీను పొడుగునా కింద పరిస్తే కట్లు సగం మాయమవుతాయి. మాట మధ్యలో పడిన బస్సు హారన్‌కు మాత్రం మందు లేదు, ఆ టేకు మళ్లీ తీయాల్సిందే.