గొట్టానికి పట్టే పాచి

ఒక పాఠకురాలు అడిగారు: "మా నాన్నగారు ఐసీయూలో ఉండగా చలిజ్వరం వచ్చింది. యాంటీబయాటిక్ ఎక్కిస్తూనే మెడ దగ్గర సిరలో పెట్టిన గొట్టం కూడా తీసేశారు. మందు పనిచేస్తుంటే గొట్టం తియ్యడం దేనికి?"

మంచి ప్రశ్న. చేతులు కడుక్కోవడం, మాస్కులు అందరూ చెప్పేవే కాబట్టి దాటేసి, సరాసరి ఆ గొట్టం దగ్గరికే వెళ్దాం.

ప్లాస్టిక్ గొట్టం సిరలోకి దిగిన కొద్ది నిమిషాల్లోనే రక్తంలోని ఫైబ్రినోజెన్, ఫైబ్రోనెక్టిన్ లాంటి ప్రోటీన్లు దాని మీద పూతలా పేరుకుంటాయి. స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే బాక్టీరియం మనందరి చర్మం మీదా కాపురముంటుంది. మామూలుగా ఎవరి జోలికీ రాదు. కానీ సరిగ్గా ఆ ప్రోటీన్లను పట్టుకునే అణువులు దాని ఒంటి మీద ఉన్నాయి. గొట్టం గుచ్చిన రంధ్రం దగ్గర మొదలై, గొట్టం బయటి గోడ వెంబడి లోపలికి చేరుతుంది. గొట్టం చాలా రోజులు ఉండిపోతే రెండో దారి ముఖ్యమవుతుంది: సిరంజి తగిలించే చోటు, అంటే హబ్. ప్రతిసారీ మందెక్కించే ముందు నర్సు దాన్ని స్పిరిట్ దూదితో గట్టిగా రుద్దేది ఇందుకే.

అంటుకున్న బాక్టీరియా చక్కెర గొలుసులు, ప్రోటీన్లు, చచ్చిన కణాల డీఎన్ఏ కలిసిన జిగురులో కూరుకుని గుంపుగా బతుకుతాయి. దీన్ని బయోఫిల్మ్ అంటారు. నీళ్ళతొట్టి గోడకు పట్టే పాచిని తలుచుకోండి. నీళ్ళు ఎన్నిసార్లు మార్చినా అది పోదు. మందు కలిపితే పైపొర చస్తుంది, అడుగున మిగిలింది మళ్ళీ పెరుగుతుంది. అప్పుడప్పుడూ ఒక ముక్క ఊడి నీళ్ళలో తేలుతుంది. గొట్టం పాచిలోంచి అలా ఊడిన ముక్కే రక్తంలో కలిసి చలిజ్వరం తెప్పిస్తుంది. తొట్టినైతే పీచుతో తోమొచ్చు, సిరలో ఉన్న గొట్టాన్ని ఎవరు తోముతారు?

ఇక అసలు గమ్మత్తు. జిగురు అడ్డం పడి మందు లోపలికి పోదని చాలామంది అనుకుంటారు. కొన్ని మందుల విషయంలో అది కొంత నిజమే అయినా చాలా మందులు లోపలికి బాగానే పోతాయి. అడుగు పొరల్లో ఆక్సిజన్, ఆహారం చాలక కణాలు పెరుగుదల దాదాపు ఆపేసి ఉంటాయి. పెనిసిలిన్ జాతి మందులు దెబ్బతీసేది కణం కొత్తగా గోడ కట్టుకునే పనిని. కట్టడమే ఆగిపోతే దేన్ని దెబ్బతీస్తాయి? జన్యువులేమీ మారలేదు కాబట్టి అవే కణాలు విడిపోయి రక్తంలోకి వస్తే అదే మందుకు చస్తాయి. అందుకే ల్యాబ్ రిపోర్టులో "సెన్సిటివ్", అంటే ఈ మందుకు లొంగుతుంది అని వస్తుంది, జ్వరం మాత్రం తిరగబెడుతుంది. అప్పుడు "ఇంకా పవర్ ఉన్న మందు రాయండి" అని డాక్టరును పోరేవాళ్ళకు పరీక్షనాళికలో తేలే బాక్టీరియాకూ గోడకు అంటిన బాక్టీరియాకూ తేడా ఎవరూ చెప్పలేదు. బడి పుస్తకాల్లోని బొమ్మల్లో కూడా అవి విడివిడిగా ఈదుతూనే కనిపిస్తాయి!

కాబట్టి ఉన్న తెలివంతా పాచి పట్టకముందే చూపించాలి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పీటర్ ప్రొనొవొస్ట్ అనే డాక్టరు బృందం వందకు పైగా ఐసీయూల్లో ఐదు పనులు పక్కాగా చేయించింది: చేతుల శుభ్రత, గొట్టం వేసేటప్పుడు రోగిని పూర్తిగా కప్పడం, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందుతో చర్మం తుడవడం, వీలైనంతవరకు తొడ దగ్గరి సిర జోలికి పోకపోవడం, అక్కర్లేని గొట్టం తీసెయ్యడం. 2006లో ఫలితాలు వెలువడ్డాయి. వెయ్యి గొట్టపు రోజులకు (ఒక రోగికి ఒక రోజు గొట్టం ఉంటే అది ఒక గొట్టపు రోజు) 2.7గా ఉన్న మధ్యస్థ ఇన్ఫెక్షన్ రేటు మూడు నెలల్లో సున్నాకు దిగింది. ఐదింటిలో ఒక్కటీ కొత్త కనిపెట్టుడు కాదు.

మూత్రపు గొట్టం కథ ఇంకా మొండిది. అది ఉన్న ప్రతి రోజూ మూత్రంలో కొత్తగా బాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం. ప్రోటియస్ మిరాబిలిస్ అనే బాక్టీరియం చేరిందంటే యూరియాను అమోనియాగా విడగొడుతుంది. దాంతో మూత్రం క్షారంగా మారి, మెగ్నీషియం, కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు పాచిలో గట్టిపడి గొట్టం మూసుకుపోతుంది. మూత్రం చేరే సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే వేలాడాలి. మంచం మార్చేటప్పుడు దాన్ని రోగి పొట్ట మీద పెట్టారంటే కిందికి పోయిన మూత్రం వెనక్కి మళ్ళుతుంది.

కొన్ని ఆసుపత్రుల్లో ముందే రాసిపెట్టిన నియమాల ప్రకారం, డాక్టరు చెప్పేదాకా ఆగకుండా నర్సే మూత్రపు గొట్టం తీసెయ్యొచ్చు. డాక్టరు రౌండ్లకు వచ్చేదాకా ఆగితే ఆ 3 నుంచి 7 శాతం మరో రోజుకు లెక్కకెక్కుతుంది మరి.