టచ్ కంట్రోల్స్: గాజు మీద బొటనవేలికి ఏం కావాలి?

ఫోన్ ఆటలు తయారుచేసేవాళ్ల కోసం ఇది. ఉదాహరణకు ఒక 2డీ ప్లాట్‌ఫార్మర్ (బొమ్మ పరుగెడుతూ, గోతుల మీంచి ఎగిరే ఆట) తీసుకుందాం. ఎడమ బొటనవేలితో పరుగు, కుడి బొటనవేలితో జంప్.

అపోహ: తెర మీది జాయ్‌స్టిక్ (వేలితో దిశ చూపే వలయం) ఒకేచోట ఉంటే ఆటగాడికి అలవాటైపోతుంది.

వాస్తవం: గేమ్‌ప్యాడ్ మీద అంచులు వేలికి తగులుతాయి, గాజు మీద ఏమీ తగలదు. చూపు ఆట మీద ఉండగా వేలు తెలియకుండానే జరిగిపోతుంది. అందుకే తెర ఎడమ సగంలో వేలు ఎక్కడ ఆనితే అక్కడే జాయ్‌స్టిక్ కేంద్రం ఏర్పడాలి. వేలు వలయం దాటిపోతే కేంద్రం కూడా దాని వెంట జరగాలి. లేదంటే దిశ మార్చడానికి వేలు అంత దూరమూ వెనక్కి రావాలి, ఈలోగా బొమ్మ గోతిలో పడుతుంది. మధ్యలో 10–15 శాతం డెడ్ జోన్ (వేలు కదిలినా లెక్కలోకి రాని చోటు) ఉంచి, వేగాన్ని దాని అంచు దగ్గర సున్నా నుంచి మొదలుపెట్టండి. అలా చేయకపోతే బొమ్మ ఒక్కసారిగా ఉరుకుతుంది. నిజానికి ఇలాంటి ఆటకు జాయ్‌స్టిక్కే అనవసరం. ఎడమ, కుడి అని రెండు ప్రాంతాలు ఇచ్చి, వేలు ఎత్తకుండా ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి జారనిస్తే చాలు.

అపోహ: బటన్ బొమ్మ ఎంతుందో టచ్ అంతవరకే పనిచేయాలి.

వాస్తవం: ఆండ్రాయిడ్ సూచించే 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత; దాదాపు 9 మిల్లీమీటర్లు), ఆపిల్ చెప్పే 44 పాయింట్లు కనీస కొలతలు మాత్రమే. మెనూలకు సరిపోతాయి. జంప్‌కు కుడి సగం మొత్తం ఇచ్చేయండి, బటన్ బొమ్మ చిన్నదైనా ఫర్వాలేదు. పాజ్ మాత్రం వేళ్లకు దూరంగా, పై మూలన.

అపోహ: స్పందన ఆలస్యమైతే తప్పు ఫోన్‌దే.

వాస్తవం: ముందు మీ కోడ్ చూసుకోండి. యూనిటీ (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) బటన్‌లోని ఆన్‌క్లిక్ ఈవెంట్ వేలు ఎత్తాకే పనిచేస్తుంది. వేలు 100 మిల్లీసెకన్లు ఆగినా, సెకనుకు 60 ఫ్రేముల ఆటలో 6 ఫ్రేములు పోయినట్టే. జంప్‌ను పాయింటర్ డౌన్‌కు (వేలు ఆనగానే వచ్చే ఈవెంట్‌కు) కట్టండి. డబుల్ ట్యాప్ జోలికి వెళ్లకండి: రెండో ట్యాప్ వస్తుందేమోనని మొదటిదాన్ని ఆపి ఉంచాల్సి వస్తుంది.

అపోహ: ఆటగాడి పొరపాట్లను మన్నిస్తే ఆట మరీ తేలికైపోతుంది.

వాస్తవం: మన్నించినట్టు ఎవరికీ తెలియదు, ఆట చెప్పినమాట వింటోందని మాత్రం అనిపిస్తుంది. బొమ్మ నేల అంచు దాటాక సుమారు 80–100 మిల్లీసెకన్ల వరకు జంప్ అంగీకరించండి. నేల తాకడానికి అంతే ముందు నొక్కినా గుర్తుంచుకుని, తాకగానే ఎగరనివ్వండి.

అపోహ: కంప్యూటర్‌లో యూనిటీ ఎడిటర్‌లో మౌస్‌తో బాగా ఆడితే ఫోన్‌లోనూ అంతే.

వాస్తవం: మౌస్‌కు ఉన్నది ఒక్క పాయింటరే. ఫోన్‌లో రెండు వేళ్లుంటాయి, ఎడమ వేలు ఎత్తగానే ఇండెక్స్‌లు (జాబితాలో టచ్‌ల వరస సంఖ్యలు) మారిపోతాయి. టచ్‌ను ఇండెక్స్‌తో గుర్తిస్తే జంప్ వేలు పరుగును నడపడం మొదలుపెడుతుంది, కాబట్టి ఐడీతోనే (వేలు ఎత్తేదాకా మారని గుర్తింపు సంఖ్యతోనే) గుర్తించాలి. క్యాన్సిల్ ఈవెంట్‌ను (టచ్ మధ్యలో ఆగిపోయిందని ఫోన్ చెప్పేదాన్ని) మరిచిపోతే, మధ్యలో కాల్ వచ్చి వెళ్లాక బొమ్మ తనంతట తానే పరుగెడుతూ ఉంటుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి జెస్చర్ నావిగేషన్‌లో (బటన్లు లేకుండా వేలు జరిపి ఫోన్ నడిపే పద్ధతిలో) పక్క అంచుల నుంచి లోపలికి జరిపితే బ్యాక్ అయిపోతుంది. కంట్రోల్స్‌ను అంచుకు ఆనించకండి.

అపోహ: వైబ్రేషన్ ఎంత గట్టిగా ఉంటే అంత తృప్తి.

వాస్తవం: నేల తాకినప్పుడు 10–20 మిల్లీసెకన్ల చిన్న అదురు చాలు. అడుగడుక్కీ అదిరితే చేయి మొద్దుబారుతుంది. సెట్టింగ్స్‌లో ఆపేసే వీలు తప్పనిసరి.