ఆటోనగర్ నల్లమట్టి, నూనె తినే జీవులు

విజయవాడ ఆటోనగర్‌లో పాత షెడ్డు ముందు ఒకసారి వంగి నేల చూడండి. తారు పోసినట్టు నల్లగా నిగనిగలాడుతుంటుంది. లారీ కింద దూరిన మెకానిక్ డ్రెయిన్ నట్టు విప్పగానే కాలిన ఇంజిన్ ఆయిల్ కోసిన డబ్బాలోకి దిగుతుంది. అంచు దాటి కారినదాని మీద గుప్పెడు రంపపు పొట్టు చల్లి మళ్లీ పనిలో పడతారు. అలా ఏళ్ల తరబడి కారిందంతా ఈ నేల తాగింది. సూక్ష్మజీవుల మందు చల్లితే ఈ మట్టి బాగుపడుతుందంటే నమ్మాలనే ఉంటుంది. ఈ ఆశకు యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన బెంగాలీ శాస్త్రవేత్త ఆనంద మోహన్ చక్రవర్తి, ముడిచమురులోని రకరకాల పదార్థాలను తినగల సూడోమోనాస్ బ్యాక్టీరియాను తయారుచేసి 1972లో పేటెంటు అడిగారు. ప్రాణమున్నదానికి పేటెంటేమిటన్న వాదన అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1980లో 5-4 మెజారిటీతో ఆయనే గెలిచారు. పేరు మారుమోగింది గానీ, చమురు ఒలికిన సముద్రాల్లో ఆ బ్యాక్టీరియాను దించలేదు.

1989 మార్చిలో ఎక్సాన్ వాల్డేజ్ నౌక అలాస్కా దగ్గర సముద్రంలోని బండలకు తగిలి, సుమారు 4 కోట్ల లీటర్ల ముడిచమురు ఒలికింది. అక్కడ పనికొచ్చింది మన రైతులకు బాగా తెలిసిన వస్తువే, ఎరువు. చమురు తినే జీవులు ఆ తీరంలో ముందే ఉన్నాయి. వాటికి కరువైంది నత్రజని, భాస్వరం. అవి అందేసరికి పని జోరందుకుంది. కానీ గులకరాళ్ల అడుగున, గాలి చేరనిచోట, పదేళ్లు దాటాక తవ్వినా చమురు కనిపించింది. ఈ కథలో నేను మరిచిపోలేని సంగతి ఇదే.

మన దేశంలో ఇంధనం, పర్యావరణంపై పరిశోధన చేసే టెరి సంస్థ ఆయిల్‌జాపర్ పేరుతో కొన్ని రకాల బ్యాక్టీరియాను కలిపి తయారుచేసింది. రిఫైనరీల దగ్గరి నూనె బురదకు వాడుతున్నారు. అదీ చల్లి వదిలేసేది కాదు. మట్టిని దున్నాలి, తడిపెట్టాలి, నెలల తరబడి కనిపెట్టుకుని ఉండాలి.

ఆటోనగర్‌లో లారీలు తొక్కితొక్కి నేల రాయిలా బిగిసింది. గాలి ఆడదు. దాన్ని తవ్వి గుల్ల చేసి, చివికిన పశువుల ఎరువు కలిపి, తిరగేస్తూ ఉంటే తప్ప ఏ బ్యాక్టీరియా అయినా ఏం చేయగలదు? అంత చేసినా అవి నూనెను కార్బన్ డయాక్సైడ్‌గా, నీటిగా మార్చగలవేమో గానీ, ఇంజిన్ అరిగి ఆయిల్‌లో చేరిన లోహాలను మాయం చేయలేవు. ఆ లోహాలు మట్టిలోనే ఉండిపోతాయి.

అందుకే కారకుండా చూడటమే ముందు పని. ప్రమాదకర వ్యర్థాలపై మన దేశంలో తొలి నిబంధనలు కూడా ఆ 1989లోనే వచ్చాయి. ఇప్పుడున్నవి 2016 నాటివి. వాటి ప్రకారం కాలిన ఆయిల్‌ను అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. డబ్బాలోది ఎలాగూ అమ్ముడుపోతుంది. అంచు దాటేదానికి లారీ కింద వెడల్పాటి రేకు ట్రే పెట్టాలి. నూనె పీల్చిన పొట్టును చెత్తకుప్పలో పారేయకుండా మూతున్న డ్రమ్ములో విడిగా దాచాలి.